కిట్ నుంచి చెకుముకి పిస్తోలు: మిల్లీమీటరులో పదో వంతు లెక్కలు

1834లో ఇంగ్లండ్‌లోని వూల్విచ్‌లో బ్రిటిష్ సైన్యం ఒక పరీక్ష పెట్టింది. చెకుముకి రాయితో పేలే పాత తుపాకులు ఒకవైపు, కొత్తగా వచ్చిన పెర్కషన్ క్యాప్ తుపాకులు మరోవైపు. ఒక్కో రకంతో 6,000 సార్లు కాల్చి చూశారు. క్యాప్ తుపాకులు 36 సార్లు మొరాయించాయి. చెకుముకి తుపాకులు 922 సార్లు మొరాయించాయి. శాతాల్లో చెబితే మొదటిది 0.6, రెండోది 15.4. ఆరేడు సార్లకు ఒకసారి రాయి టప్పుమని కొట్టుకోవడమే తప్ప గుండు బయటికి రాలేదు. పదేళ్లు తిరక్కుండానే ఆ సైన్యం క్యాప్ తుపాకులకు మారడం మొదలుపెట్టింది.

ఇప్పటికీ అమెరికాలో, యూరప్‌లో ఆ చెకుముకి పిస్తోలునే విడిభాగాల పెట్టెగా కొనుక్కొచ్చి, ఇంట్లో బల్ల మీద పెట్టి కూర్చి, చెక్కి, నునుపు చేసి, రంగు పట్టించేవాళ్లు ఉన్నారు. వాళ్ల పనిని దగ్గరగా చూస్తే ఆ 15.4 శాతం ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో అర్థమవుతుంది. తప్పు రాయి ఒక్కదానిదే కాదు. గొట్టానికీ, మొదట అంటుకునే మందు (రంజకం) పోసే గిన్నెకూ మధ్య మిగిలిన సందు, కొయ్యను రాసుకుంటున్న స్ప్రింగు, మెత్తబడిన ఉక్కు, బూడిద పట్టి పూడుకుపోయిన రంధ్రం, అన్నిటికీ అందులో వాటా ఉంది. వీటిలో సగానికి సగం బల్ల దగ్గర కూర్చున్న మనిషి చేతిలో బాగుపడతాయి, లేదా ఆ చేతిలోనే పాడవుతాయి.

ముందే ఒక మాట చెప్పాలి. ఇది అక్కడి చట్టాలు ఒప్పుకున్న అభిరుచి. మన దేశంలో లైసెన్సు లేకుండా తుపాకి తయారుచేయడం నేరం. ఆ సంగతి చివర్లో వివరంగా ఉంది.

సెకనులో పదో వంతులో జరిగేది

చెకుముకి పిస్తోలును పేల్చే యంత్రాంగాన్ని లాక్ అంటారు. దాని నమూనా పాతది. ఫ్రాన్స్‌లోని నార్మండీలో, లిజియో పట్టణానికి చెందిన మారిన్ ల బుర్జువా సుమారు 1610లో దీన్ని రూపొందించాడంటారు. తర్వాత రెండు శతాబ్దాలకు పైగా దాని మూలసూత్రం మారలేదు.

రాయిని దవడల్లో బిగించి పట్టుకునే భాగం గుర్రం. దానికి ఎదురుగా నిలువుగా నిలబడే ఉక్కు రెక్క ఫ్రిజెన్. ఆ రెక్క అడుగుభాగమే రంజకపు గిన్నెకు మూత. ట్రిగ్గర్ నొక్కగానే గుర్రం ముందుకు దూకుతుంది. రాయి అంచు ఫ్రిజెన్‌ను పైనుంచి కిందికి గీరుతుంది. గీరినప్పుడు లేచేది రాయి పొడి అనుకుంటాం గానీ, అది ఉక్కు పొట్టు. వెంట్రుక కంటే సన్నని ఆ ఉక్కు పీలికలు రాపిడికి వేడెక్కి గాలిలో మండుతూ కిందికి రాలతాయి. అదే దెబ్బకు ఫ్రిజెన్ వెనక్కి వాలి గిన్నె తెరుచుకుంటుంది. నిప్పురవ్వలు రంజకం మీద పడతాయి. రంజకం భగ్గుమంటుంది. ఆ మంట గొట్టం పక్కనున్న చిన్న రంధ్రం గుండా లోపలి మందును అంటిస్తుంది.

బాగా అమరిన లాక్‌లో ఇదంతా సెకనులో పదో వంతుకు కాస్త అటూ ఇటూగా ముగుస్తుంది. అంత తక్కువ సమయంలో అయిదు పనులు ఒకదాని వెనుక ఒకటి జరగాలి. ఏ ఒక్కటి తడబడినా గిన్నెలో మంట లేచి అక్కడితో ఆగిపోతుంది. గిన్నెలో పోసే రంజకం రెండు మూడు గ్రెయిన్లే. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు, కాబట్టి గ్రెయిను అంటే 0.065 గ్రాము. మొత్తం వ్యవహారం 0.2 గ్రాము పొడి మీద, 1.6 మిల్లీమీటర్ల రంధ్రం మీద నిలబడి ఉందన్నమాట. ఆ రంధ్రానికి వాడుకలో ఉన్న కొలత అంగుళంలో పదహారో వంతు. దాన్ని పెద్దది చేస్తే మంట బాగా పోతుందని తొందరపడి తొలవకూడదు. రంధ్రం వెడల్పయితే పేలినప్పుడు వాయువు పక్కనున్నవాడి ముఖం మీదికి చిమ్ముతుంది.

పెట్టెలో ఏముంటుంది, ఏముండదు

అమెరికాలో కొత్తవాళ్లు ఎక్కువగా మొదలుపెట్టేది పెన్సిల్వేనియా తుపాకి పనివాళ్ల పాత నమూనాను అనుసరించిన పిస్తోలుతో. కెంటకీ పిస్తోలు అనే పేరు దానికి స్థిరపడింది. సాధారణంగా గొట్టం 10 అంగుళాలు, అంటే 254 మిల్లీమీటర్లు. ఎనిమిది పలకలుగా ఉంటుంది. ఎదురెదురు పలకల మధ్య దూరం 7/8 అంగుళం, 22.2 మిల్లీమీటర్లు. లోపలి రంధ్రం అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. తీసేసి రెండుతో భాగిస్తే పలక దగ్గర గోడ మందం 4.75 మిల్లీమీటర్లు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, ఆకురాయి పట్టేటప్పుడు పనికొస్తుంది. అందులో వేసే సీసం గుండు వ్యాసం 0.490 అంగుళం, బరువు 177 గ్రెయిన్లు, అంటే పదకొండున్నర గ్రాములు. గొట్టానికీ గుండుకూ మధ్య మిగిలిన పావు మిల్లీమీటరు తేడాను నూనెలో తడిపిన గుడ్డముక్క పూడుస్తుంది.

పెట్టెలో వచ్చేవి ఇవి: వెనక మూత బిగించి, పరీక్షించి, ముద్ర వేసిన గొట్టం, కూర్చిన లాక్, ముక్కాలు మూడు వీసాలు ఆకారం వచ్చిన కొయ్య, పోత పోసిన ఇత్తడి ట్రిగ్గర్ గార్డు, ముక్కు తొడుగు, మందును, గుండును లోపలికి దట్టించే గజం, దాన్ని పట్టే గొట్టాలు, మరలు, శీలలు. లాక్‌ను విప్పకుండా లెక్కిస్తే మొత్తం పాతిక ముప్ఫై ముక్కలు. కొయ్య స్పెయిన్ నుంచి వచ్చిన కిట్లలో చాలావరకు బీచ్ కలప, ఇటలీవాటిలో వాల్‌నట్. అసలు పెన్సిల్వేనియా పనివాళ్లు మెచ్చింది చారల మేపుల్. అది కావాలంటే ధర పెరుగుతుంది.

గొట్టం మీది ముద్ర సంగతి కొంచెం చెప్పాలి. యూరప్‌లో చాలా దేశాల్లో తుపాకి గొట్టాన్ని అమ్మే ముందు మామూలు కంటే ఎక్కువ మందుతో కాల్చి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. లండన్‌లో తుపాకి తయారీదారుల సంఘానికి 1637లోనే రాజపత్రం వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో ప్రత్యేక పరీక్షాశాల 1813లో వెలిసింది. ఇటలీలో బ్రెషా దగ్గర గార్దోనే వాల్ ట్రోంపియా, స్పెయిన్‌లో ఐబార్ శతాబ్దాలుగా తుపాకులు చేసే ఊళ్లు. నేటి కిట్లలో పెద్దభాగం ఈ రెండు దేశాలవే. ఇలాంటి కిట్లు చేసే పెదెర్సోలి సంస్థ గార్దోనేలో 1957లో మొదలైంది. కిట్ కొనేవాడు చెల్లించే డబ్బులో అన్నిటికంటే విలువైనది నా దృష్టిలో ఆ చిన్న ముద్రే. ప్రమాదం ఉన్న పనిని యంత్రాలు, పరీక్షాశాల చేసి పెట్టాయి. చేతికి మిగిలింది ఓపిక పని.

ధర విషయానికొస్తే, సాదా కిట్ సుమారు 300 నుంచి 450 డాలర్ల మధ్య దొరుకుతుంది. అదే పిస్తోలు ఫ్యాక్టరీలో పూర్తయి వస్తే ఓ వంద డాలర్లు ఎక్కువ. నిదానంగా చేస్తే కిట్‌కు 30 నుంచి 40 గంటల పని. అమెరికా ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 30 గంటలకు 217 డాలర్ల 50 సెంట్లు. వంద మిగుల్చుకోవడానికి రెండొందల పైచిలుకు విలువైన శ్రమ పెట్టడం లాభసాటి బేరం కాదు. డబ్బు కలిసొస్తుందని కిట్ కొనేవాడు మూడో రోజుకే విసిగిపోతాడు. చేతిపని నేర్చుకోవాలని కొనేవాడికే ఇది తగుతుంది.

ఈ అలవాటు ఎప్పుడు పెరిగిందన్నది కూడా అంకెల్లోనే కనిపిస్తుంది. అమెరికాలో గొట్టం మూతి నుంచి మందు పోసే తుపాకుల జాతీయ సంఘం 1933లో పుట్టింది. దాని పోటీల మైదానం ఇండియానా రాష్ట్రంలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో ఉంది. టెనెసీలోని యూనియన్ సిటీలో టర్నర్ కర్క్‌లాండ్ 1954లో డిక్సీ గన్ వర్క్స్ పెట్టాడు. 1976లో అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండాయి. ఆ ఊపులో పాతకాలపు వస్తువుల మీద మోజు పెరిగి, కిట్లు ఇంటింటి బల్లల మీదికి చేరాయి. ఇటీవల ఒహాయోలో జిమ్ కిబ్లర్ లాంటివాళ్లు కంప్యూటర్ యంత్రాలతో కొయ్యను దాదాపు పూర్తిగా చెక్కి ఇచ్చే పొడవు తుపాకుల కిట్లు తెచ్చారు. వాటి ధర వెయ్యి డాలర్లు దాటుతుంది గానీ, కూర్చేటప్పుడు ఉలి దాదాపు అక్కర్లేదు.

మసి పూసి వెతకడం

సాదా కిట్‌లో ఉలి కావాలి. గొట్టం కూర్చోవాల్సిన కాలువ కొయ్యలో ముందే తొలిచి ఉంటుంది, కానీ పూర్తిగా కాదు. గొట్టాన్ని పెట్టి చూస్తే ఒకచోట ఆనుతుంది, మరోచోట తేలుతుంది. ఎక్కడ ఆనుతోందో కంటికి తెలియదు.

దానికి పద్ధతి ఇదీ. గొట్టం అడుగు పలకలకు దీపపు మసి గానీ, నీలం రంగు ముద్ద గానీ పొర కూడా కనపడనంత పల్చగా పూస్తారు. కాలువలో నిటారుగా దించి, గట్టిగా నొక్కి, అంతే నిటారుగా ఎత్తేస్తారు. పక్కకు జరిపితే గుర్తులన్నీ అబద్ధం చెబుతాయి. కొయ్య మీద నల్లచుక్కలు పడ్డచోట్లే ఎత్తు ఉంది. ఆరు మిల్లీమీటర్ల ఉలితో ఆ చుక్కను మాత్రమే, గీరినట్టుగా, తీసేస్తారు. నలుపు పోయేంత లోతే. మళ్లీ మసి, మళ్లీ దించడం, మళ్లీ ఎత్తడం. మొదట్లో మూడు నాలుగు పెద్ద మచ్చలు పడతాయి. పది పదిహేను సార్లయ్యేసరికి మచ్చలు చిన్నవై, సంఖ్య పెరిగి, కాలువ పొడవునా చిలకరించినట్టు కనిపిస్తాయి. అక్కడ ఆగాలి. ఇంకా బాగా రావాలని కొనసాగిస్తే గొట్టం లోతుకు దిగిపోయి, లాక్ రంధ్రానికి సరిపడకుండా పోతుంది.

సందు ఎంతుంటే మంచిది? మనం ప్రింటర్‌లో పెట్టే మామూలు తెల్లకాగితం మందం 0.1 మిల్లీమీటరు. గొట్టానికీ కొయ్యకూ మధ్య ఆ కాగితం దూరకపోతే పని బాగున్నట్టు. ముఖ్యంగా వెనకభాగం. పేలినప్పుడు గొట్టం వెనక్కి తన్నుతుంది. ఆ తన్ను మొత్తం గొట్టం వెనక అంచు నుంచి కొయ్యలోకి దిగాలి. అక్కడ సందు ఉంటే తన్నంతా మరల మీద, సన్నని మెడ మీద పడి, కొయ్య అక్కడే చీలుతుంది. పాత పిస్తోళ్లలో మెడ దగ్గర తీగ చుట్టి, రేకు వేసి అతికినవి కనిపించడానికి కారణాల్లో ఇదొకటి.

లాక్‌ను కూర్చడం ఇంతకంటే సున్నితం. గిన్నె పక్క గోడ గొట్టం పలకకు ఆనాలి. అక్కడా కాగితం పరీక్షే. కాగితం దూరితే రంజకం కిందికి జారి లాక్ లోపల చేరుతుంది. మరో దోషం బయటికి అసలు కనపడదు. లాక్ లోపలి స్ప్రింగు, ట్రిగ్గర్ ఎత్తే మీట కొయ్యను ఎక్కడో సన్నగా రాసుకుంటాయి. లాక్ బయట ఉన్నప్పుడు చక్కగా కొడుతుంది, కొయ్యలో బిగించగానే బద్ధకిస్తుంది. పక్క మరలను ఒక చుట్టు ఎక్కువ బిగించినా ఇదే జరుగుతుంది. లోపలి భాగాలకు మసి పూసి, బిగించి, రెండు మూడు సార్లు గుర్రాన్ని చేత్తో పట్టుకుని నెమ్మదిగా ఎత్తి దించి, విప్పి చూస్తే కొయ్య మీద దోషి ముద్ర కనిపిస్తుంది. వూల్విచ్ లెక్కల్లోని 922లో ఇలాంటి రాపిడికీ వాటా ఉండి ఉంటుందని నేను నమ్ముతాను.

ఒకచోట మాత్రం ఆకురాయి పట్టకూడదు. గుర్రం తిరిగే ఇరుసు మీద రెండు గాడులు ఉంటాయి. ఒకటి సగం ఎత్తి నిలిపేది, రెండోది పూర్తిగా ఎత్తి నిలిపేది. సగం ఎత్తిన గాడే ఈ పిస్తోలుకున్న ఏకైక భద్రత. ట్రిగ్గర్ తేలిక చేద్దామని ఈ గాడులను అరగదీస్తే ఆ భద్రత పోతుంది. గుర్రాన్ని సగం ఎత్తి, మందు లేకుండా, ట్రిగ్గర్‌ను బలంగా లాగినా అది కదలకూడదు. కదిలితే లాక్‌ను అమ్మినవాళ్లకు వెనక్కి పంపండి.

కొయ్య మీద వారం

చెక్కడం అయ్యాక కొయ్యను నునుపు చేయడం మొదలవుతుంది. సాండ్‌పేపరు 120 నంబరుతో మొదలుపెట్టి 180, 220, 320 వరకు వెళతారు. కాగితం వెనక చిన్న చెక్కముక్కో, రబ్బరో ఉండాలి. వేళ్లతో పట్టి రుద్దితే లాక్ చుట్టూ ఉన్న పదునైన అంచులు గుండ్రబడిపోతాయి, ఆ తర్వాత వాటిని తిరిగి తేలేం. కిట్ పిస్తోళ్లలో నాసి పనిని దూరం నుంచే పట్టించేది ఈ గుండ్రబడ్డ అంచే.

220 తర్వాత కొయ్యను తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తారు. నీరు తగలగానే నలిగి పడుకున్న పీచు లేస్తుంది. చెయ్యి పెడితే గరుకు తగులుతుంది. పాత కాగితంతో కాకుండా కొత్త కాగితంతో తేలిగ్గా ఆ పీచును కోసేస్తారు. మూడు సార్లు ఇలా చేస్తే పీచు ఇక లేవదు. ఇది చేయకుండా రంగు వేస్తే, రంగులోని తడికే పీచు లేచి, అంతా మళ్లీ రుద్దుకోవాల్సి వస్తుంది.

రంగు విషయంలో కలపను బట్టి నడవాలి. బీచ్ పాలిపోయినట్టు ఉంటుంది, రంగును మచ్చలు మచ్చలుగా పీలుస్తుంది. దానికి ఆల్కహాల్‌లో కలిపిన తోలు రంగు నయం. మేపుల్‌కు పాతకాలపు పద్ధతి వేరు. నత్రికామ్లంలో ఇనుము కరిగించిన ద్రావణం పూసి వేడి చూపిస్తే, చారలు కళ్లముందే ముదిరి ఎర్రటి గోధుమరంగుకు తిరుగుతాయి. ఆ ద్రావణం చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది. ఇంట్లో కలపకుండా తయారుగా ఉన్నది కొని, చేతులకు తొడుగులు వేసుకుని, ఆరుబయట వాడాలి.

చివరిది నూనె. ఉడికించిన అవిసె నూనె గానీ, దాని ఆధారంగా చేసిన తుపాకి నూనెలు గానీ. వేలికొసకు అంటినంత నూనెతో పొరను రుద్దుతారు. పొరకూ పొరకూ మధ్య కనీసం 24 గంటలు. ఆరు నుంచి ఎనిమిది పొరలు. చేతిపని మొత్తం రెండు గంటలు దాటదు, క్యాలెండరులో మాత్రం వారం పైన పోతుంది. ఒకేసారి మందంగా పూస్తే పైన జిగట మిగిలి, నెల తర్వాత కూడా వేలిముద్రలు పడతాయి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె గాలిలో ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండచుట్టిన గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. గుడ్డను విప్పి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచాలి.

తుప్పునే రంగు చేయడం

గొట్టం కిట్‌లో తళతళలాడుతూ రాదు. యంత్రం పళ్లగీతలు పలకల మీద అడ్డంగా ఉంటాయి. పది అంగుళాల ఆకురాయిని గొట్టానికి అడ్డంగా, రెండు చేతులతో రెండు కొసలు పట్టుకుని, ఒంటికేసి లాగుతారు. పళ్లలో ఇనుపరజను ఇరుక్కుని గీత పడకుండా ముందే సుద్ద రుద్దుతారు. ఒక్కో పలకకు ఇరవై ముప్ఫై లాగుళ్లు. ఎనిమిది పలకలు. అరిగిపోయే ఇనుము మిల్లీమీటరులో పదో వంతు కంటే తక్కువ, 4.75 మిల్లీమీటర్ల గోడలో రెండు శాతం లోపే. అందుకే ఇది ప్రమాదం కాదు. కానీ ముద్రలున్న చోట ఆగాలి, వాటిని చెరపకూడదు. తర్వాత ఎమెరీ కాగితం 150, 220, 320.

ఈ పనులన్నిటిలో నాకు ఎక్కువగా నచ్చేది దీని తర్వాతది. గొట్టాన్ని ఉద్దేశపూర్వకంగా తుప్పు పట్టించి, ఆ తుప్పును నునుపైన గోధుమరంగుగా నిలబెట్టడం. ముందు గొట్టాన్ని నూనె జిడ్డు ఇసుమంతైనా లేకుండా కడుగుతారు, మూతినీ రంధ్రాన్నీ మూస్తారు. తుప్పు పట్టించే ద్రావణాన్ని కొస నుంచి కొసకు ఒకే చేయి లాగుడుతో పూస్తారు. పూసినచోటే మళ్లీ పూస్తే రాగిరంగు మచ్చ పడుతుంది. గొట్టాన్ని 30 డిగ్రీల సెల్సియస్ వేడి, 80 శాతం తేమ ఉన్న చోట వేలాడదీస్తారు. కోనసీమలో వానాకాలపు మధ్యాహ్నం గాలి ఎలా ఉంటుందో అలాగన్నమాట. పొడి ప్రాంతాల్లో ఉన్నవాళ్లు చెక్కపెట్టెలో వేడినీళ్ల గిన్నె పెట్టి ఆ గాలిని తయారుచేసుకుంటారు.

మూడు నాలుగు గంటల నుంచి పన్నెండు గంటల లోపు సన్నని తుప్పు పొడి లేస్తుంది. వేడినీళ్లలో ముంచి, ముతకగుడ్డతో రుద్దుతారు. వదులుగా ఉన్న తుప్పు పోతుంది, పట్టుకున్న తుప్పు మిగులుతుంది. మొదటిసారి రంగు వెలిసిపోయిన పసుపులా, చుక్కలు చుక్కలుగా ఉంటుంది. చాలామంది ఇక్కడే బెంగపడి అంతా రుద్దేసి మొదటికొస్తారు. అక్కర్లేదు. మూడో సారికి చుక్కలు కలుస్తాయి. అయిదారు సార్లకు చింతగింజ రంగు వస్తుంది. అప్పుడు వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి ఆమ్లాన్ని ఆపి, గొట్టం వేడిగా ఉండగానే నూనె పట్టిస్తారు. ఆ సోడా కడుగుడు తప్పితే తుప్పు లోపల్లోపల పని చేస్తూనే ఉంటుంది.

తొందరున్నవాళ్లకు మరో దారి ఉంది. గొట్టాన్ని సుమారు 135 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, సుర్రుమనేలా ద్రావణం పూస్తే గంటలో గోధుమరంగు వస్తుంది. ఆవిరి విషం, గాలి ఆడే చోటే చేయాలి. రంగు కూడా అంత లోతుగా రాదు. నిదానంగా తుప్పు పట్టించే పద్ధతే మేలని నా తీర్పు. ఇత్తడి భాగాలకు ఇంత తతంగం లేదు. పోత గరుకును ఆకురాయితో తీసి, 220 నుంచి 600 కాగితం వరకు వెళితే చాలు.

మళ్లీ రాయి దగ్గరికి

రాళ్లలో పేరున్నవి రెండు. ఇంగ్లండ్‌లో సఫక్ జిల్లా బ్రాండన్ నల్లరాయి, ఫ్రాన్స్ తేనెరంగు రాయి. పిస్తోలుకు వెడల్పు 13 నుంచి 16 మిల్లీమీటర్లు. దవడల మధ్య రాయి కింద తోలుముక్క ఉండాలి, లేకపోతే దెబ్బకు రాయి పగులుతుంది. రాయి అంచు ఫ్రిజెన్ వెడల్పు అంతటా ఒకేసారి తగలాలి, పై మూడో వంతులో మొదలై కిందికి గీరాలి. చీకటిగదిలో, మందు ఏమీ లేకుండా, ఖాళీ పిస్తోలుతో కొట్టి చూస్తే రవ్వలు గిన్నెలోకి పడుతున్నాయో పక్కకు చెదురుతున్నాయో తెలుస్తుంది. రవ్వలు ఎర్రగా, మందకొడిగా ఉంటే ఫ్రిజెన్ మెత్తగా ఉన్నట్టు. ఆకురాయి దాని మీద జారిపోవాలి, కొరికితే దానికి తిరిగి పదును పట్టించాలి. అది కొలిమి తెలిసినవాడి పని.

ఇవన్నీ సరిగ్గా కుదిరిన పిస్తోలు ఎంత నమ్మకంగా పనిచేస్తుందో అంతర్జాతీయ పోటీలు చూపిస్తాయి. పాతకాలపు తుపాకుల ప్రపంచ పోటీల్లో చెకుముకి పిస్తోలుకు ప్రత్యేక విభాగం ఉంది. దాని పేరు కొమినాట్సో, గార్దోనేలో గొట్టాలు చేసిన పాత కుటుంబం పేరు. దూరం 25 మీటర్లు, 30 నిమిషాల్లో 13 గుండ్లు, వాటిలో మంచివి పది లెక్కలోకి. గుండుకు రెండు నిమిషాల పైచిలుకు. మందు, గుడ్డ, గుండు, గజం, రంజకం, గురి, అన్నీ అందులోనే.

తెలుగు నేలకూ ఈ కాలంతో సంబంధం ఉంది. కెంటకీ పిస్తోళ్లు తయారవుతున్న 1790లలోనే ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కొలువులో యూరప్ పద్ధతి పటాలాలను నడిపాడు. ఆయన పెట్టించిన ఫిరంగుల కార్ఖానా పేరే హైదరాబాద్‌లో ఇప్పటి గన్‌ఫౌండ్రీ. పాత ఆయుధాల మీద చేతిపని చూడాలనుకునేవాళ్లకు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. లోహం కొయ్యను కలిసే అంచుల్ని చూడండి, పనివాడి స్థాయి అక్కడ తెలుస్తుంది.

చట్టం మాట

అమెరికాలో 1968 నాటి తుపాకి నియంత్రణ చట్టం 1898కి ముందువాటినీ, ఆ సంవత్సరంలో తయారైనవాటినీ పురాతన ఆయుధాల కింద పక్కన పెట్టింది. నేటి తూటాలు పేల్చలేని చెకుముకి నకళ్లకూ అదే మినహాయింపు. అందుకే చాలా రాష్ట్రాల్లో కిట్ పోస్టులో ఇంటికే వస్తుంది. కానీ ఇది ఫెడరల్ చట్టం వరకే. న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల నిబంధనలు వేరు. వీసా మీద ఉన్న మనవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. మామూలు తుపాకి దగ్గర పెట్టుకోవడం వాళ్లకు, కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ నేరం. చెకుముకికి ఆ నిషేధం వర్తించదని ఎవరో చెప్పిన మాట మీద పెట్టె తెప్పించుకోకుండా, మీ రాష్ట్ర చట్టం తెలిసిన న్యాయవాదిని ముందు అడగండి.

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి తయారీకి, దగ్గర ఉంచుకోవడానికి, విదేశాల నుంచి తేవడానికి లైసెన్సు కావాలి. పాతకాలపు ఆయుధాలకు ఇచ్చిన మినహాయింపు మరమ్మతు చేసినా పేలనివాటికి మాత్రమే. కిట్‌తో చేసిన పిస్తోలు పేలుతుంది. కాబట్టి డల్లాస్‌లోనో అట్లాంటాలోనో మీరు ఎంత ముచ్చటగా చేసుకున్నా, సెలవులకు ఇంటికొచ్చేటప్పుడు దాన్ని సూట్‌కేసులో పెట్టకండి. ఊళ్లో వాళ్లకు ఫోటోలు చూపించండి.